షోలాపూర్ నేతపేటలు: కులం లోపలే పుట్టిన వర్గం

1853 ఆగస్టులో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో భారతదేశం గురించి ఒక జోస్యం చెప్పాడు. రైళ్లు వస్తాయి, వాటి వెంట ఆధునిక పరిశ్రమ వస్తుంది, తాతల నాటి వృత్తి విభజన దాని తాకిడికి కరిగిపోతుంది, ఆ విభజన మీద నిలబడ్డ కులం కూలిపోతుంది అన్నది దాని సారం. ఏడేళ్లకు, 1860లో, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే షోలాపూర్ చేరింది. 1871కి ఆ దారి రాయచూరు దాకా సాగి మద్రాసు లైనుతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు నడిచింది. 1877లో ఊళ్లో మొదటి మిల్లు, మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, పని మొదలుపెట్టింది. జనం దాన్ని జూనీ మిల్లు, అంటే పాత మిల్లు, అని పిలిచారు. జోస్యం నిజం కావడానికి కావలసిన సరంజామా అంతా ఒక్క ఊళ్లో, ఒక్క తరంలో అమరింది. కానీ సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, జోడ్‌భావి పేట వీధుల్లో జరిగింది వేరు. ఆ రైలు దారే తెలంగాణ సాలె కుటుంబాలను వేల సంఖ్యలో షోలాపూర్‌కు దగ్గర చేసింది. వాళ్లు వృత్తిని వదిలి రాలేదు, వృత్తి కోసమే వచ్చారు. అయితే మార్క్స్ చెప్పిన రెండో సంగతి, పెట్టుబడికీ కూలికీ మధ్య చీలిక, ఆ పేటల్లో తప్పకుండా వచ్చింది. అది కులాన్ని పక్కకు తోసి రాలేదు. కులం లోపల, కులం మాటలతో, కులం చుట్టరికాలను పట్టుకునే వచ్చింది. వర్గమా కులమా అని మనం డెబ్బై ఎనభై ఏళ్లుగా చేస్తున్న వాదనకు షోలాపూర్ ఒక గట్టి సాక్ష్యమని నా నమ్మకం. ఆ సాక్ష్యాన్ని తెలుగువాళ్లం సరిగ్గా విచారించలేదు.

ముందుగా వలస సంగతి. 1876-78 కరువు దక్కన్‌ను ఊడ్చిపెట్టింది. ఆ శతాబ్దం ముగిసేలోపు మరో రెండు కరువులు వచ్చాయి. కరువులో మొదట ఆగిపోయేది బట్ట కొనుగోలు. గింజ లేని ఇంట్లో కొత్త చీర మాట ఎవరెత్తుతారు? పల్లె నేతగాడికి రైతే గిరాకీ గనక రైతు పడితే నేతగాడు అంతకు ముందే పడతాడు. పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, ఓరుగల్లు వైపు నుంచి సాలె కుటుంబాలు పడమటి దారి పట్టడానికి ఇదొక కారణం. షోలాపూర్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ మిల్లు నూలు చేతికందే దూరంలో దొరికేది. మరాఠీ పల్లెల్లో ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల అంచు చీరకు గిరాకీ తరగలేదు. ఆ చీరను మిల్లు అంత చవగ్గా నేయలేకపోయింది. మిల్లుకు ఒకే రంగు, ఒకే నమూనా, మైళ్ల పొడుగున సాగే పడుగు కావాలి. అంచుకొక రంగు, ఒంటికొక రంగు, కొంగుకొక పని, ఊరు ఊరుకీ మారే అభిరుచి ఉన్న చీరకు గుంట మగ్గమే వాటం. కాబట్టి మిల్లు పొగగొట్టం నీడలోనే మగ్గాలు పెరిగాయి. ఇంగ్లండులో ఆవిరి మగ్గం వచ్చాక చేనేతగాడు రెండు తరాల్లో తుడిచిపెట్టుకుపోయాడు. అలా కాలం చెల్లినవాడని చరిత్ర పక్కన పెట్టేసిన నేతగాణ్ణి మళ్లీ చరిత్రలోకి తేవడానికే ఇ. పి. థాంప్సన్ 1963లో ఇంగ్లిష్ కార్మికవర్గ ఆవిర్భావం మీద తన మహాగ్రంథం రాశాడు. షోలాపూర్ నేతగాడిని అలా వెలికితీయాల్సిన పని లేదు. అతను కాలం చెల్లినవాడు కాడు. మిల్లు నూలు, రైలు, దూరపు సంత అనే ఆ కాలపు హంగులన్నీ వాడుకున్నవాడు. బ్రిటిష్ పాలనలో చేతివృత్తులన్నీ ఒకే తీరున నాశనమయ్యాయని చెప్పే కథలో ఇతను ఇమడడు.

నిలదొక్కుకున్నాడు సరే, ఏ ధరకు అన్నది అసలు ప్రశ్న. పల్లెలో మగ్గం అతనిది, గుంట అతనింటిది. సావుకారికి నూలు బాకీ ఉన్నా పని మాత్రం తన కప్పు కిందే. షోలాపూర్‌లో ఇది మారిపోయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కాస్త నిలదొక్కుకున్న పద్మశాలి కుటుంబాలు షెడ్లు వేసి, ఫ్లై షటిల్ మగ్గాలు వరసగా దించి, కొత్తగా వచ్చిన తమ వాళ్లనే కూలికి పెట్టుకున్నాయి. దీనికి కార్ఖానా అని పేరు, యజమాని కార్ఖానాదారు. ఒక్కసారి ఆ కార్ఖానా లోపలికి తొంగి చూడాలి. షెడ్డులో మగ్గాలు, ఆనుకునే నేతగాడి కుటుంబం తలదాచుకునే చోటు. రావడానికి దారి ఖర్చు, పెళ్లికి, చావుకి, పండక్కి యజమాని ఇచ్చిన సొమ్ము బాకీ పుస్తకంలో ఉంటుంది. మగవాడు నేస్తాడు. భార్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది, పిల్లలు తెగిన పోగులు అతుకుతారు, కూలి మాత్రం చీరల లెక్కన మగవాడి చేతికి వస్తుంది. పని మానాలంటే బాకీ తీర్చాలి, బాకీ తీరకపోతే గది ఖాళీ చేసి కదలడానికి లేదు. ఇల్లు, పని, అప్పు మూడూ ఒకే కప్పు కింద, ఒకే మనిషి చేతిలో. ఆ మనిషి పరాయివాడు కాడు. తమ గోత్రాలవాడే, తమ కులదైవం మార్కండేయుణ్ణి కొలిచేవాడే, ఒక్కోసారి వరసకు మామో బావో అయ్యేవాడు. చేనేతను దేశమంతా పరిశీలించిన నిజనిర్ధారణ కమిటీ 1942 నివేదికలో, తన సొంతానికి నేసుకునేవాడు తగ్గి ఇతరుల కింద కూలికి నేసేవాడు పెరుగుతున్నాడని గుర్తించింది. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ తరఫున ఆర్. జి. కాకడే షోలాపూర్ నేత సమూహాల మీద చేసిన సర్వే 1947లో అచ్చయింది. బొంబాయి రాష్ట్రంలో చేనేత భవిష్యత్తు గురించి ఆలోచించిన ప్రతివాడూ ఈ ఊరి మీదుగా పోవాల్సి వచ్చింది.

ఇది పాతకాలపు దొరతనం మిగిల్చిపోయిన అవశేషం, దీన్ని పెట్టుబడిదారీ సంబంధం అనకూడదు అనేవాళ్లున్నారు. బాకీ కట్టు, చుట్టరికం, యజమాని ఇచ్చే గది చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ తేదీలు ఒప్పుకోవు. కార్ఖానా రైలుకూ మిల్లుకూ ముందు లేదు, వాటి తర్వాతే పుట్టింది. తెలంగాణ పల్లెలో లేని కట్టుబాటు షోలాపూర్ సంతలో పుట్టిందంటే అది అవశేషం ఎలా అవుతుంది? డగ్లస్ హేన్స్ 2012లో వెలువడిన పుస్తకంలో పడమటి భారతపు చిన్న పట్టణాల పెట్టుబడి చరిత్ర రాస్తూ, ఇప్పుడు మనం అసంఘటిత రంగం అంటున్నదాని వేళ్లు ఇలాంటి చోటనే చూపించాడు. అంతకంటే సూటి సాక్ష్యం చట్టంలోనే ఉంది. ఫ్యాక్టరీ చట్టాలు ప్రధానంగా యంత్రశక్తితో నడిచే పెద్ద పనిచోట్లనే లెక్కలోకి తీసుకున్నాయి. కరెంటు లేని షెడ్డులో ఎన్ని గంటలు నేసినా చాలాకాలం ఆ చట్టాల కంటికి వాళ్లు ఫ్యాక్టరీ కార్మికులు కాలేదు. చేతిమగ్గం సంప్రదాయం అన్న మాట అక్కడ గౌరవానికి కాక, పని గంటల లెక్క తప్పించుకోవడానికి ఉపయోగపడింది. యజమాని సంపాదించింది అత్యాధునికమైన లాభమే, దానికి తొడిగిన పేరు మాత్రమే పాతది.

ఇక్కడ మరో వాదన ఎదురవుతుంది, ఇది మొదటి దానికన్నా బలమైనది. సరే, అది పెట్టుబడే అనుకుందాం, కార్మికుడి మనసు మాత్రం కులంలోనే చిక్కుకుంది కదా, అందుకే వర్గంగా ఎదగలేదు కదా అంటారు. దీపేశ్ చక్రవర్తి 1989లో కలకత్తా జనపనార మిల్లు కార్మికుల చరిత్ర రాస్తూ దాదాపు ఈ దారినే నడిచాడు. హెచ్చుతగ్గుల సంస్కృతి కార్మికుడితోపాటు మిల్లులోకీ సంఘంలోకీ కూడా వచ్చిందనీ, సంఘ నాయకుడు సైతం అక్కడ దొరలాగే నిలిచాడనీ చూపించాడు. అందులో సత్యం ఉంది. అయినా షోలాపూర్ విషయంలో ఒక అడుగు వెనక్కి వేసి, ఆ కులం ఎక్కడిది అని అడగాలి. నల్లగొండ సాలెలూ ఓరుగల్లు సాలెలూ బయల్దేరినప్పుడు వాళ్లవి వేర్వేరు పల్లెలు, వేర్వేరు కట్టుబాట్లు. వాళ్లందరినీ పద్మశాలి అనే ఒక్క పేరు కింద, ఒక్క జ్ఞాతి సంస్థ, అంటే కుల సంస్థ, కింద కలిపింది షోలాపూర్ పేటలే. పరాయి భాష నడిచే ఊళ్లో, లింగాయతుల సిద్ధేశ్వరుడి పక్కన తమ మార్కండేయుణ్ణి నిలబెట్టుకుని, శ్రావణ పౌర్ణమికి రథం కట్టి, జంధ్యాలు మార్చుకుని, బడులు పెట్టుకుని ఈ కులం తనను తాను తయారు చేసుకుంది. వర్గం తనంతట ఉండదు, మనుషుల అనుభవంలో తయారవుతుందని థాంప్సన్ చెప్పిన మాట కులానికీ అంతే చెల్లుతుంది. రెండూ ఒకే కాలంలో, ఒకే వీధుల్లో తయారైనప్పుడు ఒకటి పాతది, రెండోది కొత్తది అని ఎలా అంటాం?

మరైతే ఈ కులబంధం ఎవరికి పనికొచ్చింది? కార్ఖానాదారుకు బాగా పనికొచ్చిందని ఒప్పుకోవాలి. జీతం పెంచమన్నవాడికి మనవాళ్లం మనం అని సర్దిచెప్పొచ్చు. కులపెద్దగా తీర్పు చెప్పేవాడు, షెడ్డులో కూలి లెక్క వేసేవాడు ఒక్కడే అయినప్పుడు న్యాయం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? బలవంతం కన్నా సమ్మతి మీద పెత్తనం ఎక్కువ కాలం నిలుస్తుందని గ్రాంసీ చెప్పింది ఇలాంటి చోటే బోధపడుతుంది. కానీ ఆ మాటలకు ఇంకో కొస ఉంది, దాన్ని కూలివాడు పట్టుకున్నాడు. మనవాళ్లం అన్నవాడు పెళ్లికి సొమ్ము ఇవ్వకపోతే, జబ్బులో చూడకపోతే, కరువులో గది ఖాళీ చేయమంటే అది పేటంతటి ముందు తప్పవుతుంది. బాకీ పుస్తకం యజమానికి ఎంత హక్కో, చుట్టరికం కూలివాడికి అంత దావా. కుల సంస్థలు పెట్టిన బడుల్లో కూలివాళ్ల పిల్లలూ చదివారు. మార్కండేయుడి పేరు పెట్టుకున్న ఆసుపత్రి సహకార ఆసుపత్రి అయింది. ఒకరికి అణిచే సాధనం, మరొకరికి అడిగే సాధనం. షోలాపూర్ జకార్డు దుప్పటిని తిరగేస్తే అదే బొమ్మ కనిపిస్తుంది, పువ్వు రంగు నేలకూ నేల రంగు పువ్వుకూ మారి ఉంటుంది. రెండు పొరలు ఒకే మగ్గం మీద, ఒకదానిలో ఒకటి దూరి నేతకు వస్తాయి. కులం కేవలం ముసుగు, దాన్ని లాగేస్తే వర్గం బయటపడుతుంది అనే వాదన అందుకే నాకు సమ్మతం కాదు. ఒక పొర లాగితే రెండో పొరా చిరుగుతుంది.

మిల్లుల్లో అయినా కులం గుమ్మం బయట ఆగిందా అంటే లేదు. బొంబాయి మిల్లుల్లో అంటరానివారిని నేత విభాగంలోకి రానివ్వకపోవడాన్ని అంబేద్కర్ 1928 సమ్మె రోజుల్లోనే బయటపెట్టాడు. నాడెలో కండె మార్చినప్పుడు నూలు కొసను నోటితో పీల్చి రంధ్రంలోంచి లాగాలి, ఆ ఎంగిలి నాడెను మరొకడు ముట్టాలి. మైల భయం ఆ చిన్న రంధ్రం దగ్గర కూర్చుంది. కులం పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన అని 1936లో అతను రాసిన సిద్ధాంతం వెనుక అలాంటి నాడెలు ఉన్నాయి. పద్మశాలి కథను ఎంత ప్రేమగా చెప్పుకున్నా ఈ సంగతి దాచకూడదు. కులం లోపల కూలివాడికి అండగా నిలిచిన బంధమే కులం బయటివాడికి మూసిన తలుపు కూడా. నేరస్థ తెగలని చట్టం ముద్రవేసిన జనాన్ని షోలాపూర్‌లో కంచె వేసిన సెటిల్‌మెంటులో ఉంచి మిల్లు పనికి పంపించారు. వాళ్లకు ఏ మార్కండేయుడూ ఏ జ్ఞాతి సంస్థా లేదు. అయినా ఆ గోడలన్నీ ఒక్కోసారి దాటుకుపోయిన రోజులూ ఉన్నాయి. 1930 మేలో గాంధీ అరెస్టు తర్వాత షోలాపూర్ జనం వీధుల్లోకి వచ్చి, 8న పోలీసు కాల్పులు జరిగాక, మూడు నాలుగు రోజులు బ్రిటిష్ అధికారమే లేకుండా ఊరిని నడిపారు. 12న సైనిక శాసనం పెట్టి జూన్ చివరి దాకా ఉంచారు. 1931 జనవరి 12న ఉరి తీసిన నలుగురి పేర్లు మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుస్సేన్. ఆ నలుగురినీ ఒకే కులపు ఖాతాలో ఎవరూ వేయలేరు.

స్వాతంత్ర్యం తర్వాత తొమ్మిది గజాల చీర కట్టేవాళ్లు తగ్గుతూ వచ్చారు. మగ్గం దుప్పటికీ టర్కీ తువ్వాలుకీ మళ్లింది, చేతిమగ్గం స్థానంలో కరెంటు మగ్గం, మన సిరిసిల్లలో సాంచ అనేది, వచ్చింది. షోలాపూర్ దుప్పటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఈ మార్పులన్నింటిలో చరిత్రకారులు తక్కువగా చూసినదీ, నా వాదనకు అన్నింటికన్నా ముఖ్యమైనదీ మరొకటుంది. నేతపేటల్లో ఆడవాళ్లు రాట్నం ముందు నుంచి లేచి బీడీ చేట ముందు కూర్చున్నారు. పదుల వేల మంది, అందులో అధికభాగం తెలుగు స్త్రీలు. కంపెనీ బ్రాంచిలో తునికాకు, తంబాకు తూచి ఇస్తారు. ఆకు తడిపి మెత్తబరచాలి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే తక్కువపడ్డది తనే కొనుక్కోవాలి. ఒప్పగించేటప్పుడు బాగోలేదని పక్కకు తీసేసిన వాటికి కూలి రాదు, బీడీలూ తిరిగి రావు. సాయంత్రం దాకా చేట ఒళ్లోనే, వంట, పిల్లలు, ముసలివాళ్లు చుట్టూనే. మగవాడి కార్ఖానా కూలిలో కలిసిపోయి లెక్కకు రాకుండాపోయిన ఆమె పనికి మొదటిసారి ఒక విడి పుస్తకం వచ్చింది.

ఇల్లు కదలని ఆడమనిషిని కార్మికురాలు అనొచ్చా? సిద్ధాంతం ఈ ప్రశ్నను చాలాకాలం తప్పించుకుంది, చట్టం తప్పించుకోలేకపోయింది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవారిని కూడా ఉద్యోగుల నిర్వచనంలోకి తెచ్చింది. కంపెనీలు సవాలు చేస్తే 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి చట్టం, మరుసటి ఏడు భవిష్య నిధి వచ్చాయి. ఒక్క ఇంట్లోనే జరిగిన తారుమారు గమనించండి. ఇంటి బయట షెడ్డులో పదిమందితో కలిసి చేతిమగ్గం మీద నేసిన మగవాడు ఫ్యాక్టరీ చట్టానికి కనిపించలేదు. గడప దాటని భార్య గుర్తింపు కార్డున్న కార్మికురాలైంది. ఫ్యాక్టరీ గోడలు మనుషుల్ని ఒకచోట చేర్చితేనే వర్గం పుడుతుందన్న సూత్రం ప్రకారమైతే ఈ స్త్రీలు అందరికన్నా చివర సంఘటితం కావాలి. షోలాపూర్‌లో ఎర్ర జెండా కింద పెద్ద సంఖ్యలో నిలబడింది వాళ్లే. ఎలా సాధ్యమైంది? వాళ్లను కలిపే చోటు పేటే. ఒకే గల్లీ, ఒకే తెలుగు, ఒకే గుడి, బ్రాంచి దగ్గర ఒకే వరస. ఏ బ్రాంచిలో ఆకు తక్కువ తూచారో, ఎవరి బీడీలు ఎన్ని తీసేశారో చీకటి పడేలోపు గల్లీ అంతా తెలుస్తుంది. కులం, చుట్టరికం వేసిన దారాల మీదే సంఘం మాట నడిచింది. రాజనారాయణ్ చందావర్కర్ బొంబాయి మిల్లు కార్మికుల గురించి రాస్తూ మిల్లు లోపలే కాక పేటలో కూడా కార్మిక రాజకీయం తయారైందని చూపించాడు. షోలాపూర్ ఆడవాళ్లకు పేట తప్ప వేరే ఫ్యాక్టరీయే లేదు.

ఎన్నికల లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 1980 నుంచి 1991 దాకా జరిగిన నాలుగు లోక్‌సభ ఎన్నికల్లో షోలాపూర్ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచింది పద్మశాలులే, రెండుసార్లు గంగాధర్ కూచన్, రెండుసార్లు ధర్మణ్ణ సాదుల్. అదే పద్మశాలుల నుంచి వచ్చిన నరసయ్య ఆడం, జనం నోట ఆడం మాస్టర్, మార్క్సిస్టు పార్టీ అభ్యర్థిగా 1978లో, 1995లో, 2004లో శాసనసభకు వెళ్లాడు. కులమే సర్వస్వమైతే ఒకే కులం రెండు జెండాలు ఎందుకు పడుతుంది? కులం ఏమీ కాకపోతే ఆ రెండు జెండాలు పట్టినవాళ్లూ ఆ పేటల వాళ్లే ఎందుకయ్యారు? ఓటరు ముందున్నది కులమా వర్గమా అన్న ఎంపిక కానే కాదు. మనవాడే గెలవాలి, అయితే మనలో ఎవరి పక్షాన నిలిచేవాడు గెలవాలి అన్నది ఓటరు ప్రశ్న. బీడీ స్త్రీల కూలి రేటు పోరాటం చివరికి ఇళ్ల కోసం పోరాటంగా, ఇళ్ల పథకంగా మారిపోయింది, ఇది వర్గ రాజకీయమా లేక సర్కారు దయ కోసం పడిగాపులా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కార్ఖానా గది గుర్తుంచుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పని చేజారితే కప్పు చేజారేది, అందుకే నోరు లేచేది కాదు. మూడు తరాలు నేతగాణ్ణి కట్టిపడేసింది సగం బాకీ అయితే సగం ఆ గది. తన పేర ఇల్లున్న మనిషి రేటు గురించి వేరే గొంతుతో మాట్లాడుతుంది. ఇల్లు అడగడం కూలి అడగడానికి తక్కువ పోరాటం కాదు, షోలాపూర్‌లో అది కూలి ప్రశ్నకు వేరు.

ఊరికి ఆగ్నేయాన కుంభారి దగ్గర బీడీ స్త్రీల కోసం కట్టిన 10,000 ఇళ్ల తాళంచెవులు 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా అందాయి. 2024 జనవరి 19న రాయ్‌నగర్‌లో మరో 15,000 ఇళ్లను ప్రధాని మోదీ ప్రారంభించినప్పుడు వాటిని పొందినవాళ్లలో మగ్గం కార్మికులు, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు కలిసే ఉన్నారు. కుంభారిలోని మొదటి కాలనీకి పెట్టిన పేరు కామ్రేడ్ గోదావరి పరులేకర్ మహిళా బీడీ కార్మికుల ఇళ్లు. ఠాణే అడవుల్లో వార్లీ ఆదివాసుల వెట్టి విడిపించడానికి పోరాడిన మరాఠీ స్త్రీ ఆమె. ఆ పేరులో ఆడవాళ్లున్నారు, వాళ్ల వృత్తి ఉంది, వాళ్లది కాని భాష మాట్లాడిన ఒక కామ్రేడు ఉంది. కులం పేరు లేదు. ఆ గడపల్లో మాత్రం ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది.